రాజవ్వ వేలిముద్ర

రిటైరవడానికి నాలుగేళ్ల ముందు, నిజామాబాద్‌లో ఒక ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్‌కు హెడ్ నర్సునయ్యాను. ఈస్టరుకు ముందొచ్చే శ్రమకాలం మొదలైన వారమే మా చర్చి అయ్యగారు ఇంకో డ్యూటీ అంటగట్టారు. శనివారాలు జబ్బుపడ్డ సంఘస్థుల ఇళ్లకు వెళ్లి, పలకరించి, పైకి ప్రార్థన చేసి రావాలట.

థియేటర్ నర్సుకు మాటలతో పని తక్కువ. సర్జన్ చేయి చాపితే పరికరం అందించాలి, కుట్లు వేసే ముందు గాజుగుడ్డలు లెక్కపెట్టి సరిపోయాయని చెప్పాలి. రోగి చాలావరకు మత్తులోనే ఉంటాడు. చర్చిలో కూడా అలాంటి పనే ఎంచుకున్నాను. బలిపీఠం గుడ్డలు ఉతికి ఇస్త్రీ చేసేదాన్ని, ప్రభుభోజనం గిన్నెలు తోమేదాన్ని. దేవుడికి నా గొంతుతో పనేమిటని అయ్యగారితో వాదించాను. ఆయన నవ్వి ఎడపల్లిలో ఒక అవ్వ పేరు రాసిచ్చారు. ఆ నవ్వుకు ఒళ్లు మండింది.

ఆ అవ్వ పేరు రాజవ్వ. ఒకప్పుడు బోధన్ చుట్టుపక్కల చెరుకు కొట్టేది, ఇప్పుడు బీడీలు చుడుతోంది. చక్కెర జబ్బు ముదిరి కుడికాలి బొటనవేలు నల్లబడింది. వేలు తీసేస్తే పాదం మిగులుతుంది, ఆలస్యం చేస్తే మోకాలి దాకా పోవచ్చు. వెంటనే ఆసుపత్రికి రమ్మన్నాను. రానంది. ఎందుకని అడగకుండా కసిరాను. ఆమె ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూనే ఉంది. ప్రార్థన మూడు ముక్కల్లో ముగించి బస్సెక్కాను.

మనసు ఊరుకోక మర్నాడు ఆదివారం ఆరాధన ఎగ్గొట్టి మళ్లీ వెళ్లాను. ఈసారి కసరకుండా ఆమె చాట పక్కన కూర్చున్నాను. ఆమే అంది.

“మా అన్నను ఏలు తీస్తమని తీస్కపోయి మోకాలు దాంక తీసిన్రు. ఏదో కాయితం మీద ఏలిముద్ర ఏసిండట. గండ్ల ఏం రాసిందో ఎవ్వలు సదివి చెప్పలే. నువ్వు సదివి చెప్తవా సిస్టరమ్మా?”

ఆ కాగితం అంగీకార పత్రం. రోగిని బల్ల మీదికి మార్చే ముందు దాని మీద సంతకమో వేలిముద్రో ఉందా అని చూడడం నా పనే. ఇరవయ్యేళ్లుగా ముద్ర ఉందో లేదో చూశానే గానీ, ఆ మనిషికి ఏం తెలుసో ఒక్కనాడూ అడగలేదు. అప్పటిదాకా అయ్యగారి మీదున్న చిరాకంతా నా మీదికే తిరిగింది.

చదివి చెప్తానని మాటిస్తే రాజవ్వ ఆసుపత్రికి వచ్చింది. మంగళవారం ఆపరేషన్. పత్రం మొత్తం ఆమెకు చదివి వినిపించాను. ‘బొటనవేలు మాత్రమే’ అని సర్జన్ చేత రాయించాను. నడుము కిందికే మత్తు కాబట్టి ఆమె మెలకువగానే ఉంది. నా చేయి వదలనంది. పరికరాలు అందించే పని జూనియర్ నర్సుకు అప్పగించి తల దగ్గర నిలబడ్డాను. రెండు నిమిషాలకోసారి “గిప్పుడేం కోస్తున్నరు?” అని అడగడం, అది చాలక ప్రార్థన చెయ్యమనడం, అదీ గట్టిగా. థియేటర్‌లో అందరి ముందూ చేశాను. చెవులు వేడెక్కిపోయాయి. సర్జన్ మాస్క్ మీదుగా గుర్రుగా చూశారు.

ఇంతలో ఆయన చేయి ఆగింది. పక్క వేలు కూడా లోపల కుళ్లింది. ఆయన నా వైపు చూస్తే, ఆమెనే అడగమన్నాను. విసుగ్గానే అడిగారు. రాజవ్వ తిరిగి ఆయన్నే అడిగింది.

“పాదం ఉంటదా సారూ?”

ఉంటుందన్నారాయన.

“అయితే తియ్యుండ్రి. అడిగిన్రు గదా.”

పత్రంలో ఆ ముక్క చేర్పించి, బల్ల మీదే మళ్లీ వేలిముద్ర వేయించాను. పాదం మిగిలింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, పత్రం చదివి వినిపించాకే ఏ రోగినైనా బల్ల మీదికి మార్చనిచ్చాను. కేసుకు పది నిమిషాలు ఆలస్యమయ్యేది, సర్జన్లు విసుక్కునేవారు. పైకి ప్రార్థన చేయడం నాకు ఇప్పటికీ సరిగా రాదు. వేలిముద్ర ఉన్నంత మాత్రాన రోగిని అడిగినట్టు కాదని మాత్రం తెలిసింది. ఇరవయ్యేళ్ల సర్వీసులో తెలియనిది అయ్యగారి మొండిపట్టు వల్ల తెలిసింది. ఆ మాట ఆయనతో ఇంతవరకూ అనలేదు.