నలభై తొమ్మిది జతల కాళ్ళు

డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పడానికి కోస్తా నుంచి వచ్చి ఛత్రినాకలో ఒక గది అద్దెకు తీసుకున్నాను. పలకరించేవాళ్ళు లేని ఊళ్ళో ఆదివారం ఎంతకీ గడవదు. అలా మట్టిలో బతికే జెర్రులను వెతికి, వాటి జాబితా కూర్చే ఒక పెద్దాయనకు వివరాలు రాసి పంపడం మొదలుపెట్టాను.

కిషన్‌బాగ్‌లో ఒక ఖాళీ ఇంటి పెరట్లో వెతకడానికి అనుమతి దొరికింది. అక్కడ కాపలా ఉండే ముసలాయన్ని చాచా అనేదాన్ని. మొదటిరోజు నా బ్రష్షూ సీసాలూ చూసి దగ్గరికొచ్చాడు.

"ఏంది మేడం, ఏమన్న పడిపోయిందా?"

"లేదు చాచా, జెర్రుల కోసం చూస్తున్నాను."

"కన్‌ఖజూరాలా? చంపేటోళ్లను మస్తు చూసిన. గిట్ల ఎతికేటోళ్లను చూడలే."

ఆ వారంలో పాఠాలు కాకుండా నేను మాట్లాడిన మాటలు అవే.

ఇవి స్నానాల గదిలో కనబడి కెవ్వుమనిపించే రకం కాదు. దారంలా సన్నగా ఉంటాయి, కళ్ళుండవు. ఏ జాతో తేల్చాలంటే కాళ్ళ జతలు లెక్కపెట్టాలి. గాజుపలక మీద సాగినప్పుడు ఫోటో తీసుకుని, ఇంటికొచ్చి తెరమీద లెక్కపెట్టుకునేదాన్ని.

తొలకరి పడ్డాక ఒక ఆదివారం జామచెట్టు కింద రాయి ఎత్తాను. ఎర్రతల జెర్రి ఒకటి గుడ్లను చుట్టుకుని ఉంది. అప్పుడు తాకకూడదని తెలుసు. పిల్లలకు అదే చెబుతాను కూడా. అయినా తల సరిగ్గా కనబడాలని బ్రష్షుతో కొంచెం జరిపాను. అది ఇంకా బిగుసుకుంది. భయమేసి రాయి మెల్లగా దించేశాను.

మర్నాడు కాలేజీ అయ్యాక బస్సెక్కి మళ్ళీ వెళ్ళాను. తల్లి ఉంది, గుడ్లు లేవు. కదిలిస్తే ఒక్కోసారి తల్లే తినేస్తుంది. నేను అక్కడే మట్టిలో కూర్చుండిపోయాను.

చాచా వచ్చి అడిగితే జరిగింది చెప్పాను.

"కండ్లే లేవంటిరి గదా మేడం. మీరొచ్చినట్టు దానికెట్ల ఎరుక?"

"నా బ్రష్షు తగిలింది చాచా."

ఆయన లోపలికెళ్ళి చాయ్ తెచ్చి నా పక్కన పెట్టాడు.

ఇప్పుడు కాపాడుకోవడానికి ఏమీ లేని ఆ జెర్రి పలక మీద తిన్నగా సాగింది. ఫోటో తీసి దాన్ని రాయి కిందే వదిలేశాను. గదికొచ్చి మూడుసార్లు లెక్కపెట్టాను. నలభై తొమ్మిది జతలు. ఎన్నాళ్ళుగానో అనుమానంగా రాసుకుంటున్న జాతి పేరు ఖాయమైంది. ఎవరికైనా చెప్పాలనిపించి ఫోన్‌లో పేర్లన్నీ పైకీ కిందికీ జరిపాను. ఎవరికీ చేయలేదు.

జాబితాకు పంపే నమోదులో ఇలా రాశాను: 'గుడ్లతో కనిపించింది. నేను కదిలించడం వల్ల గుడ్లు పోయాయి.' జాబితా కూర్చే పెద్దాయన్ని నేనెప్పుడూ చూడలేదు. ఆయన రెండో వాక్యం కొట్టేసి, "గుర్తింపు సరిగ్గా ఉంది, అభినందనలు. ఇది అక్కర్లేదు" అని జవాబిచ్చారు.

నా పుస్తకంలో మాత్రం అలాగే ఉంచాను. ఆ వానాకాలమంతా రాళ్ళ జోలికి పోకుండా రాలిన ఆకుల కిందే వెతికాను. పెద్దగా ఏమీ దొరకలేదు.