కర్ర పట్టిన చేతికి కొలత

2006 జూలై. న్యూజిలాండ్ దక్షిణ కొసనున్న ఇన్వర్‌కార్గిల్‌లో హ్యాండ్ థెరపిస్టుగా అది నాకు రెండో చలికాలం. చేతికి దెబ్బ తగిలినవాళ్ళకు స్ప్లింట్ చేసి, వ్యాయామాలు నేర్పి, తిరిగి పనిలోకి పంపడం మా ఉద్యోగం. స్ప్లింట్ అంటే దెబ్బతిన్న కీలును కదలనివ్వకుండా పట్టి ఉంచే తొడుగు.

ఒక శుక్రవారం ఉదయం ఇద్దరు జపాన్ వాళ్ళు క్లినిక్‌కి వచ్చారు. పెద్దాయన కిమురా. ఒసాకాలో టోఫు దుకాణం నడుపుతారు. ఆయన కుడిచేతి బొటనవేలు కమిలి వంకాయ రంగుకు తిరిగింది. మంచు గడ్డకట్టిన ఫుట్‌పాత్ మీద జారిపడ్డారట. వెంట వచ్చిన సాతోకి కాస్త ఇంగ్లిష్ వచ్చు.

"ఈయన మా డ్రమ్మర్. నేను పాడతాను. రేపు సాయంత్రం మా షో," అన్నాడు సాతో.

వాళ్ళది ట్రిబ్యూట్ బ్యాండ్. డెబ్బైల నాటి ఒక ఇంగ్లిష్ రాక్ బృందం పాటలను, చొక్కాల దగ్గర్నుంచి డ్రమ్ముల అమరిక దాకా, అచ్చం అలాగే వాయిస్తారు. ఇరవై ఏళ్ళుగా ఆ ఒక్క బృందమే వాళ్ళ లోకం. పరాయి దేశంలో కచేరీ చేయడం ఇదే మొదలు. ఊరి థియేటర్లో టికెట్లన్నీ అయిపోయాయి.

డాక్టర్ పరీక్షించారు. లిగమెంట్, అంటే కీలు దగ్గర ఎముకలను కలిపి ఉంచే పట్టీ, కొంత చినిగింది కానీ తెగలేదు. "వేలు పక్కకు వంగకుండా నువ్వు ఆపగలిగితే ఒక్క షోకి ఒప్పుకుంటాను. లేదంటే కుదరదు," అన్నారు నాతో.

పుస్తకంలో ఉన్నట్టే స్ప్లింట్ చేశాను. వేలు గట్టిగా నిలిచింది. కిమురా డ్రమ్ స్టిక్ తీసుకుని బల్ల మీద మూడు దెబ్బలు వేశారు. నాలుగో దెబ్బకు స్టిక్ ఎగిరి మూలన పడింది. ఆయన తల వంచుకుని మెల్లగా ఏదో అన్నారు.

"తప్పుగా వాయించి ఆ పాటల్ని పాడుచేయడట. షో వద్దంటున్నాడు," అన్నాడు సాతో.

నేను మూలన పడ్డ స్టిక్ తీసి బల్ల మీద పెట్టాను. పక్కగదిలో కట్లు సర్దుతున్న మా సీనియర్ నర్సు రూతమ్మ ఆంటీ గుమ్మంలోకి వచ్చింది. ఆంటీది రాజమండ్రి.

"ఏమ్మా సుజాతా, ఆయన వాయించేది కర్రతో కదా? ఖాళీ చేతికి కొలత తీశావేంటి?"

వెంటనే మళ్ళీ నీళ్ళు వేడిచేశాను. స్ప్లింట్ ప్లాస్టిక్ వేడినీళ్ళలో మెత్తబడి, చల్లారితే బిగుసుకుంటుంది. దాన్ని కిమురా చేతికి చుట్టి, "ఇప్పుడు స్టిక్ పట్టుకోండి. కొట్టేటప్పుడు ఎలా పడతారో అచ్చం అలా," అన్నాను. ఆయన పిడికిలి ఆకారంలోకి ప్లాస్టిక్‌ను అదిమి పట్టుకున్నాను. రెండుసార్లు పాడైంది. మూడోసారి ఆయన బల్ల మీద వాయించడం మొదలుపెట్టారు. సాతో సన్నగా పాట అందుకున్నాడు. స్టిక్ జారలేదు. డాక్టర్ వేలిని అటూ ఇటూ లాగి చూసి, సరేనన్నారు.

శనివారం ఆంటీ, నేను మూడో వరసలో కూర్చున్నాం. డ్రమ్ సోలో, అంటే డ్రమ్మర్ ఒక్కడే వాయించే భాగం, తీసేద్దామని బ్యాండులో మిగతావాళ్ళు అనుకున్నారట, కిమురా ఒప్పుకోలేదు. ఆ సోలో ఐదు నిమిషాలూ నేను ఆయన బొటనవేలినే చూస్తూ కూర్చున్నాను. చివరి దెబ్బకు హాలంతా లేచి నిలబడింది. చర్చి పాటలు తప్ప మరేమీ వినని ఆంటీ నా భుజం పట్టుకుని కుదిపేస్తూ, "వాయించేశాడే! వాయించేశాడు!" అని అరిచింది. కిమురా స్టిక్కులు రెండూ పైకెత్తి చిన్నపిల్లాడిలా నవ్వారు.

ఆదివారం వాళ్ళు విమానం ఎక్కేముందు ఆయన వేలు మళ్ళీ చూశాను. చినుగు పెరగలేదు.

అప్పటిదాకా నేను చేతిని బల్ల మీద పెట్టించి వైద్యం చేసేదాన్ని. ఆ చెయ్యి ఏం చేసి బతుకుతోందో ముందు చూడాలని ఆ కేసుతో తెలిసింది. సోమవారం రావాల్సిన గొర్రెల బొచ్చు కత్తిరించే అతనికి ఫోన్లోనే చెప్పాను: "వచ్చేటప్పుడు మీ కత్తెర మెషిన్ కూడా తెచ్చుకోండి."