ఒళ్లో కొంగ గుడ్డు

వర్తూరు చెరువు దగ్గర కొంగ గూట్లో, పిల్ల కాకుండా మిగిలిపోయిన గుడ్డొకటి దొరికింది. తల్లి తిన్న చేపల్లోని విషం గుడ్డులోకీ దిగుతుంది. అది పగలకుండా బొమ్మసంద్రలోని ల్యాబుకు చేరితే, చెరువులో ఏ రసాయనాలు పేరుకున్నాయో తెలుస్తుంది. విశాఖ నుంచి ఈ కన్నడ నగరానికి నేను వచ్చింది అందుకే.

బస్సు కిటకిటలాడుతోంది. సీట్లో ఉన్న పెద్దావిడ నా చేతిలోని డబ్బా అడక్కుండానే తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. నిలబడ్డవాళ్ల సామాను కూర్చున్నవాళ్లు మోయడం ఇక్కడి అలవాటట. నా ఫోను మాటలు విని తెలుగులోనే అడిగింది.

"ఏముండాదప్పా దీంట్లో?"

ఆవిడ చేతిలో తులసిమాల ఉంది. శనివారం, గుడికి వెళ్తోంది. అబద్ధం చెబుదామంటే నోరు రాలేదు.

"కొంగ గుడ్డండీ. చెరువులో విషముందేమో చూడటానికి."

వెనక్కిచ్చేస్తుందని చేతులు చాచాను. ఆ చేతుల్లో తులసిమాల పెట్టింది.

"స్వామి మాల నువ్వు పట్టుకో. గుడ్డు నేను పట్టుకుంటా. మా చెరువు సంగతి మాకూ తెలియాల గదప్పా."

హమ్మయ్య అనుకున్నాను.

గుడి స్టాపులో మాల తీసుకుంది కానీ, డబ్బా నాకివ్వలేదు. పక్కావిడ ఒళ్లో పెట్టి, "మొట్టె ఇదె, జోపాన" అని కన్నడంలో గుడ్డుంది జాగ్రత్తని చెప్పి దిగిపోయింది. బొమ్మసంద్ర దాకా ఒళ్లు మారుతూనే వచ్చిందా గుడ్డు. ఒక్క బీటా పడలేదు.