పని చెప్పినవాళ్ళ సంతకం

మా వదిన నోట్లో నాలుక లేని మనిషి అని మావాళ్ళందరూ అంటారు. అన్నవాళ్ళెవరూ ఆమెతో ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళు కాదు. నేనున్నాను. ఇరవై రెండేళ్ళుగా ముందుగదిలో నా కుట్టుమిషను, వెనకగదిలో మా అన్నయ్యతో ఆమె సంసారం. నాలుక ఉంది, దాన్ని ఎప్పుడు కదపాలో ఆమెకు తెలుసు, అంతే. నాకైతే కోపం ముక్కుమీదే ఉంటుంది, ఎప్పుడు పడితే అప్పుడు వచ్చేస్తుంది.

ఆమె పని ఏడంతస్తుల ఆఫీసు బిల్డింగులో తుడవడం. పదకొండేళ్ళుగా అదే బిల్డింగు, అదే మూడో అంతస్తు, అవే పద్దెనిమిది కిటికీలు, అవే ఆరు బాత్రూములు. మారేది చొక్కా ఒక్కటే. బిల్డింగువాళ్ళు శుభ్రం చేయించే పనిని ఒక పెద్ద కంపెనీకి ఇస్తారు. పెద్ద కంపెనీ దాన్ని చిన్న కంపెనీకి ఇస్తుంది. చిన్న కంపెనీ ఏజెన్సీకి, ఏజెన్సీ మేస్త్రీకి. మేస్త్రీ కింద ఇంకే కంపెనీ లేదు కాబట్టి ఆ పని చివరికి మా వదిన చేతికి వస్తుంది. ఏడాదికో రెండేళ్ళకో మధ్యలో ఎవరో ఒకరు మారతారు, కొత్త రంగు చొక్కా వస్తుంది. నీలం, ఆకుపచ్చ, మళ్ళీ నీలం, కాఫీపొడి రంగు. పాతవాటిని కత్తిరించి నేనే దిండు గలీబులు కుట్టాను. మా ఇంట్లో తలపెట్టి పడుకునే ప్రతిచోటా ఎవరో ఒక కంట్రాక్టరు పేరుంటుంది.

తొమ్మిది నెలల కిందట వచ్చిన కొత్త ఏజెన్సీ ఈసారి ఒక షరతు తెచ్చింది. వచ్చే నెల ఒకటో తారీఖునుంచి నలభై ఐదు దాటినవాళ్ళు అక్కర్లేదట. మా వదినకి నలభై ఎనిమిది. ఆమెతో పాటు ఇంకో నలుగురు ఆడవాళ్ళ పనికీ ఎసరు వచ్చింది. మా అన్నయ్య నడుం పట్టేసి రెండేళ్ళయింది. కూర్చుని చేసే పని దొరికితే చేస్తానంటాడు, దొరకదు. నా మిషను మీద ముగ్గురం బతకడం కల్ల. మా వదిన పని పోతే మా పొయ్యిలో పిల్లి లేవదు. ఆ మాట పైకి ఎవరూ అనలేదు గానీ, ఆ వారమంతా ఒకరి మొహం ఒకరం చూసుకోకుండానే అన్నం తిన్నాం.

పదకొండేళ్ళు చేసిన మనిషిని చొక్కా మార్చినట్టు మారుస్తారా అని నేను మిషను ఆపి లేచాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మా అన్నయ్య వెక్కిరించాడు. కందకి దురద లేదని ఆయనకెవరు చెప్పారో. మా వదిన అప్పటికే చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

ముందు మేస్త్రీ దగ్గరికి వెళ్ళాం. చెడ్డవాడు కాదు, ఎవరికీ ఎదురు చెప్పలేక అందరికీ తల ఊపే రకం. తను మనుషుల్ని పంపేవాడే తప్ప పెట్టుకునేవాడు కాదనీ, ఏజెన్సీని అడగమనీ అన్నాడు. ఏజెన్సీ అంటే జెరాక్స్ దుకాణం పైన ఒక గది, ఒక బల్ల, ఒక ఫ్యాను. అక్కడున్నావిడ కంప్యూటరులో చూసి, మా వదిన పనిలో చేరి తొమ్మిది నెలలే అయిందని తేల్చింది. అంతకుముందు పదేళ్ళు ఏమయ్యాయని నేనడిగితే, అవి తమ సిస్టంలో లేవంది. చిన్న కంపెనీవాళ్ళు పెద్ద కంపెనీని చూపించారు. పెద్ద కంపెనీ గేటు దగ్గర కాపలా మనిషి ఎవరు కావాలని అడిగాడు. ఈమె యజమాని కావాలన్నాను. పేరు చెప్పమన్నాడు. అదే కనుక్కుందామని వచ్చాం నాయనా అన్నాను. పేరు చెప్పందే లోపలికి పంపకూడదని రూలట.

చివరికి బిల్డింగు మేనేజరు మిగిలాడు. అక్కడి ఆడవాళ్ళు ఆయన్ని మరకలాయన అంటారు. మడత నలగని బట్టలు, జేబులో ఎప్పుడూ ఒక తెల్ల రుమాలు. లిఫ్టు తలుపు తెరుచుకునే లోపే అద్దం మీద వేలిముద్ర కనిపెట్టేస్తాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మా వదిన వెనకాలే తిరుగుతూ ఇక్కడ తుడువు, అక్కడ తుడువు, మళ్ళీ తుడువు అనేది ఆయనే. మేం వెళ్ళి అడిగితే ఎంతో మర్యాదగా, "మీకూ మా బిల్డింగుకీ ఏ సంబంధమూ లేదమ్మా" అన్నాడు. అంటూనే, గాజు తలుపు మీద నా చెయ్యి పడిందని, పోతూ పోతూ తుడిచి పొమ్మని మా వదినకి చెప్పాడు. ఆమె తుడిచింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు లేబరాఫీసుకి వెళ్ళాం. ఆఫీసరు ఒకావిడ, ఫైళ్ళ వెనకనుంచి కళ్ళజోడు మాత్రమే కనిపిస్తుంది. నేను సగం అరుస్తూ చెప్పిందంతా ఓపికగా విని, మా వదిన వైపు తిరిగింది.

"కాగితం మీద ఎవరి పేరైనా ఉండనివ్వమ్మా. రోజూ నీకు పని చెప్పేదెవరు, సెలవిచ్చేదెవరు, బాగా చెయ్యలేదని తిట్టేదెవరు? అది నాకు చూపించు."

నెలాఖరులోపే విచారణకి తారీఖు వేసింది. మాకు మిగిలింది మూడు వారాలు. తిట్టేదెవరో మూడో అంతస్తుకంతా తెలుసు గానీ, తిట్లకి రుజువు ఎక్కడినుంచి తెస్తాం? దొంగచాటుగా ఫోనులో రికార్డు చెయ్యమని నేను దారిపొడుగునా పోరాను. మా వదిన బస్సు దిగేదాకా నోరు విప్పలేదు. దిగాక, బాత్రూము తలుపు వెనక కాగితం ఉంటుంది కదా అంది.

ఆ కాగితం సంగతి చెప్పాలి. ఆ బిల్డింగులో ప్రతి బాత్రూము తలుపు వెనకా ఒక కాగితం వేలాడుతూ ఉంటుంది. గంటకోసారి తుడిచి, తుడిచానని అందులో సంతకం పెట్టాలి. పదకొండేళ్ళలో మా వదిన పెట్టినన్ని సంతకాలు ఏ మంత్రీ పెట్టి ఉండడు. శనివారం సాయంత్రం అవన్నీ చింపి చెత్తబుట్టలో వేస్తారు, ఆ చెత్తబుట్ట ఎత్తేదీ ఆమే. తుడిచినవాళ్ళు సంతకం పెడుతున్నప్పుడు తుడవమన్నవాళ్ళు ఎందుకు పెట్టకూడదని ఆమె ప్రశ్న. ఏ మేనేజరైనా తన గొయ్యి తనే తవ్వుకుంటాడా అని నేను నవ్వాను. ఆయన సంగతి నీకు తెలియదులే అంది.

వంద పేజీల పుస్తకం కొని స్కేలు పెట్టి నేనే గీతలు గీశాను. తారీఖు, టైము, చెప్పిన పని, చెప్పినవారి సంతకం, రిమార్కులు. రిమార్కుల గడి కావాలన్నది మా వదినే, కాస్త వెడల్పుగా గియ్యమంది కూడా.

పుస్తకం చూసి ఏమిటిదని మరకలాయన అడిగాడట. మీరు చెప్పిన పని ఒకటీ మర్చిపోకుండా సార్ అందట ఈమె. అందులో అబద్ధమేమీ లేదు. ఇన్నాళ్ళకి ఈ బిల్డింగులో ఒకరికి పద్ధతి తెలిసిందని ఆయన ముచ్చటపడిపోయాడు. మొదటిరోజు నాలుగు సంతకాలు. రెండోరోజు పదకొండు. మూడోరోజు ఆకుపచ్చ సిరా పెన్ను తెచ్చుకున్నాడు. వారం తిరక్కుండా మిగతా నలుగురు ఆడవాళ్ళూ పుస్తకాలు పెట్టాలని తనే ఆర్డరు వేసి గుండ్రటి సీలు కొట్టాడు. పై అంతస్తు పెద్దల దగ్గర ఈ పద్ధతి తనే కనిపెట్టానని చెప్పుకున్నాడని కూడా విన్నాం.

సాయంత్రాలు మా ఇంట్లో ఆ పుస్తకం చదవడమే కాలక్షేపమైంది. నేను ఆయన గొంతు పెట్టి చదువుతుంటే మా అన్నయ్య నడుం పట్టుకుని మరీ నవ్వేవాడు. మెట్ల కమ్మీ, రెండుసార్లు. మీటింగు బల్ల కింద బబుల్‌గమ్, గోకాలి. శుక్రవారం సెలవు అడిగింది, ఇవ్వడం లేదు. ఆ కిందే మళ్ళీ, సరే ఇచ్చాను, శనివారం ముందుగా రావాలి. నిజానికి ఆ సెలవు మా వదినకి అక్కర్లేదు. రోజంతా ఇంట్లో కూర్చుని నా మిషనుకి అడ్డం వచ్చింది.

పధ్నాలుగో రోజు సాయంత్రం ఆమె పుస్తకం నా ఒళ్ళో పెట్టి, చదవమని, నా మొహంలోకే చూస్తూ కూర్చుంది. రిమార్కుల గడి చాలక ఆయన పేజీ అంచుదాకా రాశాడు. 'పదకొండేళ్ళుగా నేనే చెబుతున్నాను. ఈమెకు కిటికీ మూలలు తుడవడం ఇప్పటికీ రాదు.' కింద సంతకం, దానిమీద సీలు.

మా వదినని ఎవరైనా తిడితే నాకు సంతోషం కలగడం అదే మొదలు. నిజంగా నీకు మూలలు తుడవడం రాదా వదినా అని అడిగాను.

"ఆ ఒక్క కిటికీ కావాలనే వదిలేశాను" అంది.

విచారణ రోజున లేబరాఫీసులో ఆ ఆఫీసరు గదిలో మేస్త్రీ, ఏజెన్సీ ఆవిడ, రెండు కంపెనీల తరఫున చెరో మనిషి, మరకలాయన వరసగా కూర్చున్నారు. ఏజెన్సీ తొమ్మిది నెలలే అంది. కంపెనీలు ఈ మనిషినే ఎరగమన్నాయి. తిలాపాపం తలా పిడికెడు అంటారు, ఇక్కడ ఆ పిడికెడు పుచ్చుకోవడానికి కూడా ఎవరూ చెయ్యి చాపలేదు. మా వదిన లేచి పుస్తకం ఆఫీసరు బల్లమీద పెట్టింది. నాకు భయం వేసింది. ఆ గదిలో కాదంటే ఒకటో తారీఖునుంచి మాకు దిక్కు లేదు.

ఆఫీసరు పుస్తకం తిరగేసి, ఆ పేజీ పైకి చదివి, ఈ రాత ఎవరిదని అడిగింది. పక్కనున్న కంపెనీ మనిషి మరకలాయన మోచేయి నొక్కాడు. కానీ తుడవడం గురించి అడిగితే ఆయన ఆగుతాడా?

"నాదేనండీ. మీరే వచ్చి ఆ మూలలు చూడండి, నేను రాసింది తప్పయితే అప్పుడడగండి."

"పదకొండేళ్ళుగా మీరే చెబుతున్నారా?"

"నేను కాక ఎవరు చెప్తారండీ? ఈ కంపెనీలవాళ్ళు ఒక్కరోజైనా మూడో అంతస్తు మొహం చూశారా?"

మేస్త్రీ తల దించుకుని నవ్వు ఆపుకుంటున్నాడు. తనేమన్నాడో మరకలాయనకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక మొహం పాలిపోయి, తెల్ల రుమాలుతో చెమట తుడుచుకున్నాడు. నాకు పాపం అనిపించింది, నిజంగానే. పదకొండేళ్ళు ఆయన కూడా మనసుపెట్టి పనిచేశాడు, వేరేవాళ్ళ చేతుల్తో.

మధ్యలో ఎంతమంది మారినా పని చెప్పి చేయించుకున్నది బిల్డింగువాళ్ళే కాబట్టి, ఐదుగురు ఆడవాళ్ళూ చేరిన మొదటిరోజునుంచే బిల్డింగు మనుషులని, వయసు సాకు చూపి తీసెయ్యడానికి వీల్లేదని ఆఫీసరు ఆర్డరు రాయించింది. మా వదిన విని, ఇంకోసారి చదవమని అడిగింది. రెండోసారి చదివాక ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచేదేముంది. వాళ్ళు పై కోర్టుకి వెళ్ళొచ్చని ఆఫీసరు ముందే చెప్పింది. ఇల్లలకగానే పండగ కాదని మాకూ తెలుసు గానీ, ఆ పూటకి మాత్రం మాకది పండగే.

వరండాలోకి వచ్చాం. ఊదారంగు చొక్కా వేసుకున్న ఒకామె నేల తుడుస్తోంది. తడి మీద అడుగు పడకుండా మా వదిన గోడవారగా నడుస్తుంటే, ఆమె తుడవడం ఆపి, అటూ ఇటూ చూసి దగ్గరికి వచ్చింది. లోపల జరిగిందంతా తలుపు దగ్గర నిలబడి విందట.

"అక్కా, నేనిక్కడ ఆరేళ్ళుగా చేస్తున్నాను. మా ఏజెన్సీవాడు నాలుగు నెలలే అంటున్నాడు. నేనెవరి మనిషినో నాకెలా తెలుస్తుంది?"

మా వదిన మెట్టుమీద కూర్చుని, ఆమెను పక్కన కూర్చోమంది. నీకు రోజూ పని చెప్పేదెవరమ్మా అని అడిగింది.

ఆమె తుడుపుకర్ర ఎత్తి, మేమప్పుడే బయటికి వచ్చిన గది వైపు చూపించింది.