పట్టాల పక్క గోడ మీద పిలుపు

రెగూలా అలసట తెలియాలంటే ఆమె ముఖం చూడనక్కర్లేదు, కోటు విప్పే తీరు చూస్తే చాలు. ఒక చెయ్యి తీసి, కాసేపు ఆగి, తర్వాత రెండోది తీసేది. స్విట్జర్లాండులో మా బాజెల్ వీధుల్లో అంటించే పోస్టర్లకు అక్షరాలు గీస్తూనే ఆమె తల నెరిసింది. మా ఊళ్లో పోస్టరు ఆయుష్షు రెండు వారాలు. ఆ తర్వాత దాని మీద ఇంకొకటి పడుతుంది.

"నా బతుకంతా కలిపితే గోడ మీద వేలెడు మందం, రోస్లీ," అనేది నాతో.

నేను చర్చి వంటగదిలో సూప్ కాచేదాన్ని. గురువారం మధ్యాహ్నం ఎవరొచ్చినా ఊరికే పెడతాం. ఆ ఏడు జనం తగ్గిపోయారు. చలికాలపు మొదటి గురువారం బల్లలు ఖాళీగా ఉంటే వంటగది మూసేద్దామని చర్చి పెద్దలు తీర్మానించారు. జనాన్ని పిలవడానికి ఒక పోస్టరు చేసిపెట్టమని పాస్టరమ్మ రెగూలాను అడిగింది.

"చేస్తాను. కానీ నాకు తోచినట్టే చేస్తాను. ఇక ఇదే ఆఖరు," అంది రెగూలా.

రైలు వంతెన దిగాక ట్రాము మలుపు తిరిగే చోట పొడుగాటి గోడ ఉంది. దాని నిండా వరసగా పోస్టరు పలకలే. ఆ పలకలన్నిటికీ సరిపడే కాగితాల మీద రెగూలా అక్షరాలను రబ్బరులా సాగదీసి గీసింది. కాలిబాట మీద ఎదురుగా నిలబడితే నల్లటి చారలే కనిపిస్తాయి. ట్రాములో మలుపు తిరుగుతూ ఏటవాలుగా చూస్తే ఆ చారలు దగ్గరికి జరిగి మాటలవుతాయి: "ఆకలిగా ఉందా? గురువారం మధ్యాహ్నం చర్చిలో మీ కోసం సూప్ ఉంది." ఆ కోణం కోసం ఆకులు రాలే కాలమంతా ట్రాములో అటూ ఇటూ తిరిగింది. ముసలి డ్రైవరొకాయన ఆమెను చూస్తే చాలు, అడగకుండానే మలుపులో బండిని నెమ్మది చేసేవాడు. ఇలాంటివాళ్ల వల్లే దేవుడు ఈ ఊరిని ఇంకా కాపాడుతున్నాడనుకుంటాను.

సోమవారం పొద్దున కోబి పోస్టర్లు అంటించాడు. పోస్టర్లు అంటించడమే అతని పని. ఎక్కి చూద్దామని నేనూ రెగూలా స్టాపులో నిలబడ్డాం. ఎంతసేపటికీ ట్రాము రాలేదు.

"ఏంటి కోబీ, బండి రాదేం?" అంది రెగూలా.

"రాదు కదమ్మా. పట్టాలు మారుస్తున్నారు. నెల్లాళ్లు బస్సే, అదీ వెనక వీధిలోంచి."

"నీకెవరు చెప్పారు?"

"ఇదిగో, స్టాపులో అంటించిన ఈ కాగితం! మొన్న దీని ముందే నిలబడి తిట్టారు కదా!"

నిజమే. ఆ రోజు నేనూ పక్కనే ఉన్నాను. "అక్షరానికీ అక్షరానికీ ఇంత ఎడమా! పళ్లూడిన నోరులా ఉంది," అని తిట్టింది. నేను పగలబడి నవ్వాను. అక్షరాలు చూసింది కానీ, కాగితంలో ఏముందో చదవలేదు.

"మరి అంటించేటప్పుడైనా చెప్పొద్దూ!"

"ఇది ట్రాములోంచి చదివేదని నాకేం తెలుసు తల్లీ? మీవెప్పుడూ చదవడానికి రావుగా!"

రెగూలా నవ్వలేదు. మర్నాడంతా గోడ దగ్గరే నిలబడి దారినపోయేవాళ్లను చూసింది. ఒకాయన రంగుల కంపెనీ ప్రకటన అనుకున్నాడు. ఒక పిల్ల జీబ్రా అంది. మిగతావాళ్లు తలెత్తనే లేదు.

సాయంత్రం ఆమె ఇంటికెళ్తే, తెల్ల కాగితం పట్టీలుగా కోసి, కుంచెతో బడిపిల్లలు రాసినట్టు గుండ్రంగా రాస్తోంది. గురువారం. పన్నెండింటికి. చర్చిలో వేడి సూప్. అందరూ రండి.

బుధవారం ఆ పట్టీలు చూసి కోబి మొండికేశాడు.

"మీరు చేసినవాటిలో ఇదే గొప్పది. దీన్ని నా చేత్తో కప్పను."

"అయితే బకెట్ ఇటివ్వు."

అంతలో పట్టాల మీద పనిచేస్తున్న మేస్త్రీ ఒకడు మా దగ్గరికొచ్చాడు. అగిమ్ అని, కొసోవో నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డవాడు.

"ఎందుకమ్మా మూసేస్తున్నారు? బాగుందిగా."

"నువ్వు చదివావా?" అంది రెగూలా.

"సోమవారం నుంచీ చదువుతూనే ఉన్నాం. ఆ మలుపులో పట్టాల మధ్య నిలబడితే చక్కగా కనిపిస్తుంది. మా బెసిమ్ అయితే ముందు తనకే తల తిరుగుతోందనుకున్నాడు!"

"మరి రేపు వస్తారా?"

అతను చేతి తొడుగులు సర్దుకున్నాడు. "మేం మసీదుకెళ్లేవాళ్లం కదా. చర్చిలో... పైగా సూప్‌లో ఏం వేస్తారో."

"వేయించిన పిండి, ఉల్లిపాయ, పైన చీజ్ తురుము. పంది ముక్క పడదు నాయనా, నాది పూచీ," అన్నాను. "పిలిచింది మేమే కదా, మొహమాటపడకు."

"విన్నారుగా! చదివేవాళ్లున్నారు. ఇక పట్టీలు మడిచేయండి," అన్నాడు కోబి.

రెగూలా కాసేపు ఆ చారలనే చూస్తూ నిలబడింది. అప్పుడే గీసిన్ అనే అవ్వ చక్రాల ఊతబండి తోసుకుంటూ, తల దించుకుని, గోడ పొడవునా నడిచి వెళ్లిపోయింది. ఒంటరి మనిషి. మా సూప్ కావలసింది ఆమెలాంటివాళ్లకే.

"ఆవిడ పట్టాల మీదికెక్కి ఎలా చదువుతుంది, కోబీ?" అని రెగూలా మొదటి పట్టీకి జిగురు పూసింది.

అగిమ్ తొడుగులు తీసి జేబులో పెట్టుకుని రెండో కొస పట్టుకున్నాడు. మూడో పట్టీకి కోబి కూడా సణుక్కుంటూనే నిచ్చెన వేశాడు.

గురువారం గీసిన్ అవ్వ వచ్చింది. ఆమె వెనకే ఇద్దరు ముగ్గురు ముసలివాళ్లు, బిడ్డనెత్తుకున్న ఒక తల్లి. తర్వాత నారింజ రంగు కోట్లతో అగిమ్ మనుషులు, గుమ్మం దగ్గర బూట్ల బురద తుడుచుకుని మరీ లోపలికొచ్చారు. రెండు బల్లలు ఖాళీగానే మిగిలాయి. చర్చి పెద్ద ఇసెలిన్ గారు గది నలుమూలలా చూసి, "ఈ చలికాలానికి ఉండనిద్దాం. ఆపైన చూద్దాం," అన్నారు.

ఆ మాట చెబుదామని వెళ్తే రెగూలా కోటు కూడా విప్పకుండా అక్కడే ఒక మూల బల్ల మీద తల వాల్చి నిద్రపోతోంది.

"లేపమంటారా?" అన్నాడు అగిమ్ గొంతు తగ్గించి.

"వద్దు బాబూ," అని, సూప్ చల్లారకుండా ఆమె గిన్నె మీద పళ్లెం బోర్లించాను.