పన్నెండు మందికి ఒక్క సీటు

మొన్న మధ్యాహ్నం పండుమిరపకాయల తొడిమలు తీస్తూ కూర్చుంటే ఫోన్ టింగుమంది. కారం చేతులతో ముట్టుకోకూడదని తెలిసీ ముట్టుకున్నాను, ఆ పైన అదే చేత్తో కన్ను నలుపుకున్నాను. గుంటూరులో మూడు రోజుల ఎంబ్రాయిడరీ సెమినార్ పెడుతున్నారట, మొదటి రోజు చేతికుట్లు నేర్పడానికి నన్ను రమ్మంటున్నారు. దాని కిందే నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళ ఫీజు రాసి ఉంది, సభ్యులకింత, సభ్యులు కానివారికింత అని. సభ్యుల ఫీజు చూసినా గుండె గుభేలుమంది. మా సంఘంలో ఈ నెల కొత్తగా చేరిన పిల్ల ఆ డబ్బు కళ్ళ చూడాలంటే ఎన్ని చీరలకు ఫాల్స్ కుట్టాలో నాకు తెలుసు. మా ఆయన అటుగా వచ్చి నా వాలకం చూసి, టీచరుగా పిలిచినందుకు ఆనందంతో ఏడుస్తున్నాననుకున్నారు. సగం మిరపకాయ, సగం మెసేజి అని చెప్పాను. ఆ సగం మెసేజి వెనకాల మేడ మీద అత్తయ్య ఉంది.

ఆవిడ నాకు వరసకు ఏమీ కాదు. పెళ్ళయిన కొత్తలో గురజాల వైపు నుంచి నరసరావుపేట వచ్చి, ఆవిడ ఇంట్లో కింది వాటాలో అద్దెకు దిగాం. మా ఆయనకు పత్తి మిల్లులో గుమాస్తా పని. దిగిన మొదటి రోజే మేడ మెట్ల మీద నుంచి వంగి, "అమ్మాయ్, పాలు పొంగించుకున్నావా? పప్పులోకి ఉప్పుందా? నన్ను అత్తయ్యా అని పిలువు, ఆంటీ అన్నావంటే నీళ్ళు కట్టేస్తా" అంది. నీళ్ళు కట్టేస్తే ఏం తాగుతామని అప్పట్నుంచీ అత్తయ్యే. వాళ్ళాయన ఒకప్పుడు ఊళ్ళో రాజకీయాల్లో తిరిగిన మనిషి. ఆయన పదవులన్నీ పోయాయి కానీ, ఇంటింటికీ వెళ్ళి మనుషుల్ని కూడేసే విద్య మాత్రం ఈవిడకు మిగిలిపోయింది. ఆ విద్యతోనే మా వీధిలోనూ, వెనక వీధిలోనూ సూది పట్టడం వచ్చిన ఆడవాళ్ళను పోగేసి కుట్టు సంఘం పెట్టింది. నకరికల్లు నుంచి బస్సులో వచ్చే వదిన ఒకావిడతో కలిపి మొత్తం పన్నెండు మందిమి.

మాకు తెలిసిన పనల్లా చీరలకు ఫాల్స్ కుట్టడం, జాకెట్లకు హుక్స్ పెట్టడం. బట్టల షాపులవాళ్ళు మూటలు ఇచ్చేవాళ్ళు, మేం కుట్టి ఇచ్చేవాళ్ళం. ఎంబ్రాయిడరీ చేస్తే నాలుగింతలు వస్తుందని తెలుసు. నేర్పేవాళ్ళు లేరు. గుంటూరులో ఒక కుట్టుపనివాళ్ళ సంస్థ ఏటా సెమినార్ పెడుతుందనీ, అందులో సభ్యులకు ఫీజు తగ్గిస్తారనీ అత్తయ్య ఎక్కడో విని వచ్చింది. పన్నెండు మంది సభ్యత్వం కట్టే స్తోమత మాకెక్కడిది? అందుకని సంఘాన్నంతా కలిపి ఒక్క సభ్యురాలిగా చేర్పించింది. ఆ పేర్ల జాబితాలో అందరూ ఒక్కొక్క మనిషైతే, మేం పన్నెండు మందిమీ కలిసి ఒక మనిషి. ఇక ఆ ఒక్క మనిషికి ఫీజు పోగెయ్యడానికి పద్ధతి పెట్టింది. వారంలో ఎవరు ఎన్ని చీరలు కుట్టినా మొదటి చీర ఫాలు కూలి మాత్రం సంఘానిది. శనివారం శనివారం అత్తయ్య వరండాలో బిస్కెట్ డబ్బా మూత తీసి పెట్టేవాళ్ళం, ఒక్కొక్కరం వచ్చి వేసేవాళ్ళం. ఎవరైనా రాకపోతే ఆవిడే డబ్బా చంకన పెట్టుకుని వాళ్ళింటికి బయల్దేరేది. ఆ రాక కంటే వెళ్ళి వెయ్యడమే నయమని అందరికీ తెలుసు.

ఏడాదిపాటు డబ్బా నింపినా ఫీజుకు కొంచెం తక్కువే పడింది. అత్తయ్య సంస్థవాళ్ళకు ఫోన్ చేసింది. మేమందరం చుట్టూ కూర్చుని వింటున్నాం. ఫీజులో ఏమేం ఉంటాయో చెప్పమంది. మధ్యాహ్నం భోజనం, టీలు, ఒక సంచీ, సర్టిఫికెట్టు, కుట్టు సామాను అని అవతల అమ్మాయి చెప్పింది. "భోజనం తీసెయ్యమ్మా, మా పిల్ల క్యారేజీ తెచ్చుకుంటది. టీ దానికి అలవాటు లేదు. సంచులు మా ఇంట్లో చానా ఉండయి. సర్టిఫికెట్టు తగిలించటానికి మా గోడలు ఖాళీ లేవు. ఇప్పుడెంతో చెప్పు." అవతల అమ్మాయి నవ్విందో, విసుక్కుందో తెలియదు, ఎవర్నో అడిగి తగ్గించింది. ఫోన్ పెట్టేసి అత్తయ్య మావైపు తిరిగి, టీ ఒక్కటి ఉంచమనాల్సింది అని నాలిక్కరుచుకుంది.

ఎవర్ని పంపాలన్న మాట వచ్చేసరికి అందరం తలలు వంచుకున్నాం. నకరికల్లు వదినకు పాడి గేదెలున్నాయి. ఒకావిడకు చంటిపిల్ల. ఒకావిడకు బస్సు పడదు. అత్తయ్య చూపు తిరిగి తిరిగి నా మీద ఆగింది. ఏడాదిపాటు పన్నెండు మంది వేసిన మొదటి ఫాళ్ళ కూలి నా నెత్తిన పెట్టడమంటే మాటలా? నేను సరిగ్గా నేర్చుకు రాకపోతే ఆ ఏడాది బూడిదలో పోసినట్టే. పైగా నాది పుర్రచెయ్యి. చిన్నప్పుడు బళ్ళో మాస్టారు ఎడం చేతి వేళ్ళ మీద స్కేలు తిప్పి కొట్టేవారు, ఇంట్లో మా నాయనమ్మ కళ్ళు ఉరిమేది. అలా తిండీ, రాతా కుడి చేతికి మారాయి. సూది మాత్రం ఎవరూ చూడనప్పుడు నాకు నేనుగా పట్టుకున్నాను కాబట్టి ఎడం చేతికే దక్కింది. నా చెయ్యి సంగతి తెలుసు కదా అత్తయ్యా అని గొణిగితే, "నీ ఫాలు కుట్టు చూసే పంపుతున్నా. నోరు మూసుకుని ఫస్టు బస్సు ఎక్కు" అంది.

ఆ మూడు రోజులూ నా జీవితంలో పెద్ద పండగలు. తెల్లవారగానే పప్పు, గోంగూర పచ్చడి, పెరుగన్నం క్యారేజీలో సర్దుకుని బస్సెక్కేదాన్ని. అక్కడ అందరికీ ఒకే రంగు సంచీ, నాకు మాత్రం షాపువాళ్ళిచ్చిన పసుప్పచ్చ సంచీ. మధ్యాహ్నం అందరూ హాల్లోకి వెళితే నేను మెట్ల మీద క్యారేజీ విప్పాను. నేర్పే టీచరుగారు చేతులు కడుక్కోవడానికి అటు వచ్చి, గోంగూర వాసనకు ఆగిపోయి, హాల్లో భోజనం వదిలేసి నా పక్కన మెట్టు మీద కూర్చున్నారు. రెండో రోజు నుంచి అత్తయ్య ఆవిడకు కూడా పచ్చడి కట్టి పంపింది. ఆవిడ ఆ రుణం ఉంచుకోలేదు. నన్ను సరిగ్గా తన ఎదురుగా కూర్చోబెట్టుకుని నేర్పారు. కుడి చేతివాళ్ళంతా తికమకపడుతుంటే నాకు మాత్రం చకచకా వచ్చేసింది. ఎదురుగా ఉన్న ఆవిడ కుడి చెయ్యి ఎటు కదిలితే నా ఎడం చెయ్యి అటే కదిలేది, అద్దంలో చూసుకుంటున్నట్టు. పుట్టి బుద్ధెరిగాక ఆ చెయ్యి నన్ను ముందు వరసలో నిలబెట్టడం అదే మొదటిసారి. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని నాలో నేనే నవ్వుకున్నాను.

తిరిగొచ్చి నేర్పడం మొదలుపెట్టాను. అత్తయ్య వరండాలో చాప పరిచి నేను మధ్యలో, నాకు అటూ ఇటూ ఐదుగురు, ఎదురుగా ఆరుగురు. నేను ఎలా చేస్తే అలా చెయ్యండి అన్నాను. అంతకంటే ఎలా చెప్పాలో నాకూ తెలియదు. ముందుగా కాడ కుట్టు. తీగలకూ, కొమ్మలకూ వేస్తారు, సన్నటి తాడు మెలిపెట్టినట్టు పడుతుంది. పక్కన కూర్చున్నవాళ్ళు మణికట్టు లాగేస్తందే అని మూలిగారు. కొత్త పని కదా, అలాగే ఉంటుందని సర్దిచెప్పాను. మూడు వారాల్లో అందరికీ వచ్చేసింది. ఆ ఊపులో అత్తయ్య సత్తెనపల్లి నుంచి ఒక పెళ్ళి చీర పట్టుకొచ్చింది. పట్టు చీర అంచు పొడవునా తీగ, పువ్వులు, ఆకులు. మా మొట్టమొదటి పెద్ద పని అదే. అది బాగుంటే ఇక ఫాళ్ళ మూటలు మొయ్యక్కర్లేదు, చెడితే పట్టు చీర ఖరీదు కట్టుకోవాలి.

చీరను వరండా పొడవునా ఒళ్ళో పరుచుకుని, తలా ఒక జానెడున్నర ముక్క పంచుకుని కుట్టాం. ఎవరికి దొరికిన చోట వాళ్ళు కూర్చున్నారు. పెళ్ళికింకా ఐదు రోజులుందనగా తీగ పని అయిపోయింది. అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని, బొటనవేలితో తీగను తడుముకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. మధ్యలో ఆగింది. వెనక్కు వెళ్ళింది, మళ్ళీ ముందుకొచ్చింది. "ఏందే ఇది? ఇక్కడిదాకా మెలిక ఇటు తిరిగింది, ఇక్కణ్ణుంచి అటు తిరిగింది. మళ్ళీ ఇక్కడ ఇటు!" అంది. అందరం వంగి చూశాం. నిజమే. తీగ ముక్కలు ముక్కలుగా అతికినట్టుంది. ఎవరిది తప్పో తేల్చుకుందామని ఒక్కొక్కరూ తలా నాలుగు కుట్లు వేసి చూపించారు. ఎదురుగా కూర్చుని నేర్చుకున్న ఆరుగురిదీ ఒక తిరుగుడు. పక్కన కూర్చున్న ఐదుగురిదీ, నాదీ ఇంకో తిరుగుడు. ఎదుటివాళ్ళు నన్ను అద్దంలోలా చూసి నేర్చుకున్నారు, పక్కవాళ్ళు నా చెయ్యి కదిలినట్టే తమ కుడి చెయ్యి కదిలించారు. పాపం, వాళ్ళ మణికట్లు ఊరికే మూలగలేదు.

మాస్టారి స్కేలు మళ్ళీ వేళ్ళ మీద పడినట్టయింది. ఏడాది డబ్బా, ఫస్టు బస్సు, పట్టు చీర, అన్నీ నా పుర్రచెయ్యి పాలయ్యాయని ఏడ్చేశాను. ఈ చేత్తో ముట్టుకోకుండా ఉండాల్సింది అత్తయ్యా, ఇంకెవరినైనా పంపాల్సింది అన్నాను. అత్తయ్యకు కోపం వస్తే ముందు కళ్ళజోడు తీస్తుంది. తీసింది. "ఏమే, ఆ చెయ్యిని పంపింది మేమేనే. ఇంకో చెయ్యి కావాలనుకుంటే ఇంకొకత్తెను పంపేవాళ్ళం. ఏడుపు ఆపి చీర పట్టుకో" అంది. అమ్మ, నాన్న, మాస్టారు ఎవరూ అనని మాట అది. ఇన్నేళ్ళయినా, ఎడం చేత్తో సూదిలో దారం ఎక్కించేటప్పుడల్లా నాకు వినపడుతుంది.

తరువాత ఆవిడే చీరను మధ్యకు మడిచింది. తీగను మధ్యలోంచి మొదలుపెట్టి అటు సగం ఒక మెలిక, ఇటు సగం ఇంకో మెలిక తిప్పితే ఎట్టుంటదే అని అడిగింది. గుమ్మానికి తోరణం కట్టినట్టు ఉంటుందని నకరికల్లు వదిన అంది. అటు ఆరుగురు, ఇటు ఆరుగురు, లెక్క కుదిరింది కూడా. తారుమారుగా పడినవి నాలుగు ముక్కలు. పట్టు మీద బెజ్జం పడకుండా సూది మొనతో ఒక్కొక్క కుట్టే లేపుతూ, రెండు రోజులు పగలంతా కూర్చుని విప్పాం. వరండాలో ఒక్కరూ మాట్లాడలేదు, మా సంఘం చరిత్రలో అలాంటిది ముందూ లేదు, తరువాతా లేదు. మళ్ళీ కుట్టి, మధ్యలో అతుకు కనపడకుండా పెద్ద తామరపువ్వు వేశాం. పెళ్ళికూతురి తల్లి వచ్చి వేలు పెట్టి చూసి, అటో తీరు ఇటో తీరుగా ఉందేంది అని అడిగింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అత్తయ్య మాత్రం తొణకలేదు. "రెండు వైపులా ఒకటే తిప్పితే అది మామూలు పని తల్లీ. ఇది గుంటూరులో మూడు రోజులు నేర్పే పద్ధతి. మా పిల్ల ప్రత్యేకంగా వెళ్ళి నేర్చుకొచ్చింది" అంది. ఆవిడ సంబరపడి, తోడికోడలి కూతురి పెళ్ళికీ అదే గుంటూరు పద్ధతి కావాలని చెప్పి వెళ్ళింది. ఆ తరువాత ఏటా డబ్బా నిండింది, ఏటా ఒకరు బస్సెక్కారు. నా పిల్లల చదువులు ఆ పద్ధతి మీదే గడిచాయి. గుంటూరు వాళ్ళకు మాత్రం ఈ సంగతి ఈరోజుకీ తెలియదు.

మొన్న కన్ను కడుక్కుని ఆ సంస్థకు ఫోన్ చేశాను. నేర్పడానికి తప్పకుండా వస్తాననీ, మా సంఘం నుంచి ఒక పిల్ల కూడా వస్తుందనీ, దానికి భోజనం, సంచీ, సర్టిఫికెట్టు తీసేసి ఫీజు ఎంతో చెప్పమనీ అడిగాను. టీ మాత్రం ఉంచమన్నాను. అవతల అమ్మాయి కంగారుపడి, టీచరుగారు పంపే మనిషికి ఫీజు ఏమిటి మేడమ్, ఒక సీటు ఊరికే ఇస్తాం అంది. ఒక్క సీటు చాలమ్మా, అందులో మేం పన్నెండు మందిమి కూర్చుంటాం అన్నాను. ఆ అమ్మాయికేం అర్థమైందో మరి.

మేడ మీదికి వెళ్ళి చెప్పాను. అత్తయ్యకు ఇప్పుడు చూపు దాదాపు లేదు. నేర్పడానికి తీసుకెళదామని మేం కుట్టిన నమూనా గుడ్డ చేతికిస్తే బొటనవేలితో తడిమి, "ఇటుది నీది. అటుది నకరికల్లు దానిది" అంది. సరిగ్గా చెప్పింది. ఫీజు లేదని విని కొంగుతో కళ్ళజోడు తుడుచుకుంది, కనపడకపోయినా పెట్టుకుంటుంది. తరువాత నా ఎడం చెయ్యి వెతికి పట్టుకుని, "గుంటూరులో నేర్పేటప్పుడు అందర్నీ ఎదురుగానే కూర్చోబెట్టవే" అంది. ఇద్దరం నవ్వీ నవ్వీ ఆయాసపడ్డాం. అప్పుడు ఆ చీర ముందు రెండు రోజులు కూర్చుని కుట్లన్నీ విప్పుకున్నాం కానీ, ఇప్పుడు ఆ రోజుల్లోంచి ఒక్క కుట్టు విప్పుతానని ఎవరైనా వస్తే నేను ఒప్పుకోను.