మావయ్యగారి నీలం గీత

మావయ్యగారి కంటికి లోకంలో ఏ రంగూ సరైనది కాదు. పాలగ్లాసు చేతికిస్తే "ఇది తెలుపేనా?" అంటారు. కూతురు పెళ్లాడతానని తీసుకొచ్చిన కుర్రాణ్ణి ఎగాదిగా చూసి, "అబ్బాయి బంగారం. చొక్కా నీలమే అబద్ధం" అన్నారు. అల్లుడు ఆ చొక్కా మళ్లీ తొడిగితే ఒట్టు!

ఎవరి ఖర్మో గాని, పాత రైలింజన్లను ముస్తాబు చేసే షెడ్డుకి ఆ అల్లుడే అధికారి, మావయ్యగారే పెయింటరు. ఊళ్లో మొట్టమొదటి లోకల్ రైలును లాగిన డీజిల్ ఇంజను అక్కడికొచ్చింది. దానికి తొలినాటి రంగులే వేయాలి: మీగడరంగు ఒళ్లు, నడుమున లేతనీలం గీత. దాన్ని మొదట నడిపిన ముసలి డ్రైవరు, మావయ్యగారు 'అన్నా' అని పిలిచే పాత స్నేహితుడు, ప్రారంభానికి వస్తానన్నాడు.

మావయ్యగారు డబ్బాల కొద్దీ నీలం కలిపారు, పారబోశారు.

"ఈ నీలానికేమైందండీ?"

"ఇది మధ్యాహ్నపు ఆకాశం. మనకి కావలసింది పొద్దుటిది. ఆ తేడా తెలియకే కదా మీరా చొక్కా కొన్నారు!"

తీరా ప్రారంభానికి ముందురోజు చూస్తే, ఇంజను నడుమున సిరాలాంటి ముదురు నీలం! జానెడు గీత ఉండాల్సిన చోట మూరెడు! అల్లుడి ఆనందం ఇంతా అంతా కాదు. ఇన్నాళ్లకి దొరికారు!

"మావయ్యగారూ, ఇది ఏ పూట ఆకాశం?"

"ఉండనివ్వండి బాబూ," అన్నారాయన గొంతు తగ్గించి.

ఉండనిస్తాడా? మరో పెయింటరు చేత లేతనీలం వేయించేశాడు. మావయ్యగారు కుంచెలు కడుక్కున్నారు.

మర్నాడు డ్రైవరు వచ్చి ఇంజనుకి ఎదురుగా నిలబడ్డాడు. "గీతేదిరా? నా బండి కాదిది," అని మావయ్యగారితో అనేసి వెనుదిరిగి వెళ్లిపోయాడు.

"అన్నకి కళ్లు మసకేస్తున్నాయి. లేతరంగులు ఆనవు. ఎవరికీ చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు," అన్నారు మావయ్యగారు అప్పుడు. అల్లుడికి తల కొట్టేసినట్టయింది.

మళ్లీ ముదురు నీలం వేశారు. డబ్బా అల్లుడే పట్టుకున్నాడు. బతిమాలి డ్రైవర్ని తీసుకొచ్చేసరికి నెల దాటింది, చూపు ఇంకా తగ్గింది. పాపం, ఇంజనుకి ముక్కు ఆనించి వెతుక్కున్నాడు.

"ఉందిరా! అదే నీలం కదూ?"

ఏ రంగునీ ఒప్పుకోని మావయ్యగారు, "అచ్చం అదే అన్నా," అన్నారు.

ఆ రోజే ఆ ముదురు గీతని ఉండనిచ్చి ఉంటే డ్రైవరు బండిని దూరం నుంచి నిండుగా చూసుకునేవాడు కదా అని అల్లుడికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఊరుకోండి అల్లుడుగారూ," అంటూ మావయ్యగారు భుజం తట్టారు. "ఇన్నేళ్లకి ఇవాళ మీ చొక్కా రంగు కుదిరింది. అది కాస్తా తడిపేస్తారా?"